గోడ అవతల గిర్ని

ఫిబ్రవరి 11, మంగళవారం

పండుకోనే రాస్తాండాను. అక్షరాలు గోడ ఎక్కినట్టు పోతాండాయి. ఈ డైరీ మోటర్ల షాపు వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చినారు. మా పిండి గిర్నిలో బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద పెట్టినాను. నిన్న నా పెండ్లాము గౌరిని అడిగి తెప్పించుకున్నాను. బల్ల మళ్లీ ఊగుతాంటాది. ఊగనీ.

శనివారం జరిగింది ఇది. జొన్నల మూట. పెళ్లికి ముందర్నుంచీ ఎత్తుతాండే మూటే. నేల మీద నుంచి ఒక్క ఊపున ఎత్తి, ఉన్నచోటే నడుము తిప్పి, తొట్టిలోకి వంచబోయినాను. లోపల వైరు తెగినట్టయింది. మూట యాడ పడిందో తెలీదు, నేను తొట్టి మెట్టు మీద పడినాను. పిండి ఆడించుకునేదానికి వచ్చిన ఆడోళ్లందరూ చూస్తాండారు. లేవబోతే ఊపిరి ఆడలా. ఎదురుగా వెల్డింగు షాపు సామ్సన్ పరిగెత్తుకోని వచ్చి, భుజం కింద చెయ్యేసి లోపలికి తెచ్చి మంచం మీద పండబెట్టినాడు.

ఆ పొద్దు నుంచి ఈ గదిలోనే. గిర్ని ముందు గది. నేనుండేది వెనక గది. మధ్యలో ఒక గోడ. కిటికీలో నుంచి పక్కింటోళ్ల నీళ్ల ట్యాంకు తప్ప ఏం కనపడదు.

ఆలూరు దగ్గర ఊర్నుంచి అమ్మ వచ్చింది. ఏడుస్తాదనుకున్నాను. ఏడ్వలా. నా తల దగ్గర కూచోని, "కదలొద్దు రా జయరామా" అన్నింది. అంతే. ఏడ్వనందుకే నాకు భయమేసింది.

గౌరి ఈరోజు ఒక్కతే గిర్ని తెరిచింది.

ఫిబ్రవరి 13

పెద్దాసుపత్రికి పోయొచ్చినాం. ఆటోలో ప్రతి స్పీడ్ బ్రేకరూ నా నడుములోనే ఉండాది. డాక్టరమ్మది చిన్న వయసు. కాళ్లు ఒక్కొక్కటీ పైకెత్తి చూసింది. బొటనవేలితో నా చేతిని తొయ్యమన్నింది, తోసినాను. తిమ్మిర్లు ఉండాయా, ఒంటేలు సరిగ్గా వస్తాందా అని అడిగింది. అన్నీ బాగానే ఉండాయని చెప్పినాను.

"నరానికి ఏం కాలేదు, కండరం పట్టేసింది. స్కానింగు ఇప్పుడు అక్కర్లేదు" అని మాత్రలు రాసింది. "మరీ నొప్పిగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకో. తర్వాత లేచి ఇంట్లోనే నాలుగడుగులు వెయ్యి. రోజూ కొంచెం కొంచెం పెంచుకో. పడుకునే ఉంటే తగ్గదు, ఇంకా బిగుసుకుంటుంది. కాలు మొద్దుబారితే మాత్రం, మూత్రం ఆగిపోతే మాత్రం, వెంటనే రా."

"మూటలు?" అని గౌరి అడిగింది.

"ఇప్పుడొద్దు. తగ్గినాక రమ్మను, ఎట్లా ఎత్తాలో చూపిస్తాను."

నడవలేక వచ్చినోన్ని నడువు అంటాది. ఎంత సేపు చూసింది నన్ను? వెనక వరసలో ఇంకా అంతమంది ఉంటే ఎవరినైనా బిరిన పంపించేయాల గదా.

సాయంత్రం అమ్మ శేషప్పను పిలిపించింది. దేవనకొండ దిక్కు పేరున్న మనిషి, కట్లు కడతాడు. చానా సేపు చూసినాడు. కళ్లు మూసుకోని ఒక్కో ఎముకా తడిమినాడు. పసరు, నూనె పట్టించి గుడ్డతో బిగించి కట్టినాడు. పరుపు తీసేసి మంచం మీద చెక్క పలక వేయించినాడు. "ఉగాది దాకా కాలు నేల మీద పెట్టొద్దప్పా. పెట్టినావంటే నన్ను అడగొద్దు" అన్నాడు.

అమ్మకు నచ్చింది. నాకూ నచ్చింది. గౌరి డాక్టరమ్మ రాసిన చీటీ మడిచి దాచి పెట్టింది.

ఫిబ్రవరి 14

కాలు పెట్టలేదు.

ఫిబ్రవరి 17

గోడ పలచన. అంతా వినిపిస్తాది. స్విచ్చి వేస్తే మోటరు మూలిగేది, బెల్టు పట్టుకునేది, రాళ్ల మధ్యలో జొన్నలు పడినాక శబ్దం బరువెక్కేది. కొర్రలకు ఒక శబ్దం, గోధుమలకు ఇంకొకటి. తొట్టిలో ఎంత మిగిలిందో ఈడ పండుకోని చెప్తాను.

గౌరి ఆలస్యం చేస్తాండాది. తొట్టి ఖాళీ అయ్యే ముందర శబ్దం సన్నబడతాది, అప్పుడే పొయ్యాల. ఖాళీగా తిరిగితే రాళ్లు ఒకదాన్నొకటి తినేస్తాయి. "పొయ్, పొయ్" అని ఈడ నుంచి అరుస్తాను. "ఆఁ" అంటాది. రోంత సేపటికి పోస్తాది. మూట ఎత్తలేక డబ్బాతో ముంచి ముంచి పోస్తాండాది. అట్లయితే ఎన్నిసార్లు వంగాల? ఆ మాటే చెప్పినాను.

"నా చేతనయ్యేది అట్లే" అన్నింది.

ఆడమనిషికి గిర్ని రోంత కష్టమే. అలవాటు పడాల. పడతాది.

ఫిబ్రవరి 20

మధ్యాన్నం అమ్మ కునుకు తీస్తాంటే ఒక కాలు కిందికి దించినాను. వేళ్లు నేలకు ఆనినాయి. చల్లగా ఉండాది బండ. నడుములో ఏదో కదిలినట్టయి మళ్లీ పైకి లాక్కున్నాను.

నాయన గుర్తొచ్చినాడు. వేరుశనగ కట్టె వామి మీద నుంచి జారి పడినప్పుడు నేను నాలుగో తరగతి. పడిన మనిషి మళ్లీ లేవలా. ఊర్లో మా ఇంటి లోపలి గది, దానికి కిటికీ కూడా లేదు. బడి నుంచి రాగానే నేను పోయి కాళ్లు పిసకాల. ఏడాదికేడాది ఆ కాళ్లు సన్నమైపోయినాయి, నా చేతులకు సరిపోయేంత అయినాయి. లోపలికి పోయే ముందర గడప దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టుకునేవాన్ని.

ఇంక దాని గురించి రాయను.

ఫిబ్రవరి 23, ఆదివారం

లావణ్య ఎమ్మిగనూరు నుంచి ఫోను చేసింది. ఆడ హాస్టల్లో ఉండి తొమ్మిది చదువుతాండాది నా బిడ్డ. నాకిట్లయిందని చెప్పలేదు, పరీక్షలు దగ్గర పడినాయి. పండుకోనే ఉషారుగా మాట్లాడినాను. తర్వాత గౌరితో మాట్లాడింది. ఫోను మళ్లీ నాకిచ్చినాక, "నాయనా, అమ్మ గొంతు ఏందో మాదిరి ఉండాది, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది.

"మిరపపొడి పడింటాది లే గొంతులో" అన్నాను.

మిరపకాయల కాలం ఇంకా మొదలు కాలేదు. నోటికొచ్చింది, చెప్పినాను.

ఫిబ్రవరి 24

నొప్పి తక్కువగా ఉండాది. ఎవరికీ చెప్పలా. చెప్తే లేయమంటారు. లేస్తే పట్టుకుంటాది.

ఫిబ్రవరి 26, శివరాత్రి

గిర్నికి సెలవు. ఇంత నిశ్శబ్దం ఉంటే నాకు తోచదు. అమ్మ ఒక్కపొద్దు. గౌరి గుడికి పోలేదు. నా మంచం పక్కనే నేల మీద గోడకు ఆనుకోని, మోకాళ్ల కింద తలదిండు పెట్టుకోని కూచుంది. కళ్లు మూసుకుంది.

"ఏమి అట్ల ఉండావు?"

"ఒక్కపొద్దు గదా, నీరసం."

పొద్దున రొట్టె తినింది. నేను చూసినాను.

మార్చి 3

మిరపకాయలు మొదలైనాయి. ఈ రెండు నెలలే మా గిర్నికి బతుకు. ఊర్లోళ్లందరూ ఏడాదికి సరిపడా కారం ఆడించుకునేది ఇప్పుడే. ఘాటు గోడ దాటి వస్తాండాది. పొద్దున తుమ్ము వచ్చింది. తుమ్మేటప్పుడు నడుము పట్టుకుంటాదని ముక్కు గట్టిగా మూసుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగినాయి. తుమ్ముకు భయపడే మనిషినైనాను.

గౌరి మూతికి తువ్వాలు కట్టుకోని లోపలికొచ్చి నీళ్లు తాగి మళ్లీ పోయింది. నిలబడే తాగింది. ఎప్పుడూ కూచోని తాగేది.

మార్చి 6

సామ్సన్ వచ్చినాడు. కిటికీ దగ్గర నిలబడి, "అన్నా, ఇంకా పండుకోనే ఉండావా?" అన్నాడు. ఆ 'ఇంకా' అన్న మాట నాకు నచ్చలా.

"ఉగాది దాకా లేవకూడదంట."

"నాకూ మొన్న వానల్లో పట్టింది గదా. గేటు ఎత్తబోయి. డాక్టరమ్మ నడువంటే నడిచినా. మొదట షాపు చుట్టూ, తర్వాత మున్సిపల్ గ్రౌండు చుట్టూ. ఇప్పుడు కూడా పొద్దున పోతాండా. వెల్డింగు కూడా కింద కూచోని చేసేది మానేసినా, బల్ల ఎత్తు చేసుకున్నా."

"నీది వేరే, నాది వేరే" అన్నాను.

"ఏమి వేరే?"

మా నాయన సంగతి ఈ మనిషికి తెలీదు. మొగం అటు తిప్పుకున్నాను. పోయే ముందర సామ్సన్ గొంతు తగ్గించి, "వదిన ఒక్కతే చేస్తాండాదన్నా, రోంత చూసుకో" అన్నాడు. ఈడ పండుకోని నేనేం చూసుకోవాల?

మార్చి 9, ఆదివారం

గౌరికి ఈ మధ్య నిర్లక్ష్యం ఎక్కువైంది. రొట్టె తట్ట నా పక్కన పెట్టకుండా, దూరంగా స్టూలు మీద పెట్టి పోయింది. మంచం ఎత్తు వంగితే ఏమి? పిలిచినాను.

"అందలేదు."

"చెయ్యి చాపు, అందుతాది" అని గిర్నిలో నుంచే చెప్పింది.

మోచేతి మీద లేసి అందుకోవాల్సి వచ్చింది. లేసినాను. నొప్పి రాలేదు. అయినా కోపమొచ్చింది, సల్లారిన రొట్టె తిన్నాను.

మార్చి 12

శేషప్ప ఇచ్చిన నూనె సీసా సగానికి దిగింది. నాకు పట్టించేది రోంత. అమ్మ మోకాళ్లకు పూసుకుంటాందేమో. అడిగితే, "నాకు ఎందుకు రా అది?" అన్నింది.

మధ్యాన్నం వేడినీళ్ల రబ్బరు సంచి అడిగినాను. అమ్మ తెచ్చిచ్చింది. అప్పటికే వేడిగా ఉండాది. ఇంత బిరిన యాడ కాగినాయి నీళ్లు అనుకున్నాను. నడుము కింద పెట్టుకున్నాను, నిద్ర పట్టింది.

మార్చి 15

బేజారు. బేజారు. బేజారు.

ట్యాంకు మీద కాకి కూచుంటే సంతోషంగా ఉండాది.

మార్చి 18, మంగళవారం

కుర్చీలో కూచోని రాస్తాండాను. నడుము వెనక తువ్వాలు చుట్ట చుట్టి పెట్టుకున్నాను. నిన్న జరిగింది జరిగినట్టు రాయాల.

అమ్మ పొద్దున్నే ఊరికి పోయింది, రేషనుకు వేలిముద్ర వేసేదానికి. గౌరి నాకు నాష్టా పెట్టి గిర్ని తెరిచింది. ఎండ ఎక్కినాక జొన్నలు ఆడతాండాది. శబ్దం సన్నబడింది. "పొయ్" అని అరిచినాను. పొయ్యలా. మళ్లీ అరిచినాను. "ఆఁ" అనలా. రాళ్లు ఖాళీగా తిరిగేది మొదలైంది. పళ్లు జివ్వుమనే శబ్దం అది. కాలిన వాసన వచ్చింది.

"గౌరీ!"

మోటరు తప్ప ఏం వినపడలా.

అప్పుడు లేసినాను. ఎట్ల లేసినానో తెలీదు. పక్కకు తిరిగి మోచెయ్యి ఊనినట్టు గుర్తు. చూసుకుంటే రెండు కాళ్లూ నేల మీద ఉండాయి. నడుము పట్టుకోలా. కాళ్లే వణికినాయి, బలం లేక. గోడ పట్టుకోని తలుపు దాకా, తలుపు పట్టుకోని గిర్ని దాకా పోయినాను.

గౌరి తొట్టి మెట్టు కింద రెండు చేతులూ రెండు మోకాళ్లూ నేలకు ఊని ఉండాది. తల కిందికి వాల్చింది. డబ్బా బోర్లపడి జొన్నలు గదంతా చెల్లాచెదురు. వరసలో ఎవరూ లేరు. నన్ను చూసి మొదట అన్న మాట, "మోటరు ఆపు."

ఆపినాను.

లేపుదామని భుజం పట్టుకోబోతే "తాకొద్దు!" అని అరిచింది. పెళ్లయిన ఇన్నేండ్లలో ఆ గొంతు వినలేదు. నేను నిలబడలేక ఆమె పక్కనే జొన్నల మీద కూలబడినాను.

"ఇప్పుడు పట్టిందా?"

"ఇప్పుడు కాదు."

"మరి ఎప్పుడు?"

"శివరాత్రికి ముందర్నుంచి ఉండాది. ఈరోజు పూర్తిగా పట్టేసింది."

"నాకు చెప్పలేదే?"

ఆమె ముక్కు మీద నుంచి చెమట జొన్నల్లోకి కారింది. ఊపిరి పీల్చుకోని చెప్పింది. "ఇంట్లో ఉండేది ఒకటే మంచం. దాని మీద నువ్వుండావు."

వాకిట్లోకి చూసి సామ్సన్‌ను పిలిచినాను. అరిచే పనిలో ఇన్ని దినాలూ నా గొంతుకు లోటు రాలేదు గదా. సామ్సన్, ఆయన భార్య ఇద్దరూ వచ్చినారు. ఆమె గౌరి దగ్గర కూచోని నిదానంగా పక్కకు వాలిచ్చి, మోకాళ్లు మడిపించి, కొంచెం కొంచెంగా లేపింది. ఆటో పిలిచినారు. నేనూ ఎక్కినాను. స్పీడ్ బ్రేకర్లు ఈసారి గౌరి మొగంలో కనపడినాయి.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. ముందు గౌరిని చూసింది, నన్ను చూసినట్టే, కాళ్లెత్తి, వేళ్లు తోయించి. నరం బాగుండాదని చెప్పింది. ఏం పని చేస్తావని అడిగితే గౌరి చెప్పింది. డబ్బాతో ముంచి పోసేది, వంగేది, మళ్లీ ముంచేది. డాక్టరమ్మ నా దిక్కు తిరిగింది.

"నువ్వెప్పుడు లేచావు?"

"ఈ పొద్దే."

రాసేది ఆపి పెన్ను కింద పెట్టింది. "నెల దాటింది. నేనేం చెప్పాను?"

"మళ్లీ పట్టుకుంటాదని భయమేసింది మేడమ్."

తిడతాదనుకున్నాను. తిట్టలా. "భయం అందరికీ ఉంటుంది. కానీ పడుకున్న కొద్దీ నీ కండరం తగ్గిపోతుంది, తగ్గిన కొద్దీ భయం పెరుగుతుంది. ఈమెకు రెండు రోజులు చాలు పడుకోవడానికి. తర్వాత ఇద్దరూ నడవండి." అని లేచి నిలబడి, బల్ల మీది ఫైళ్ల కట్టను మూట అనుకొమ్మని చూపించింది. దగ్గరగా నిలబడాల, మోకాళ్లు వంచాల, పొట్టకు ఆనిచ్చి పట్టుకోవాల. తిరగాలంటే నడుము కాదు, పాదాలు తిప్పాల. ఇంతే. ఇంత చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు అనుకున్నాను. చెప్తా, రా అని ఆమె ఆ పొద్దే అన్నింది, నేనే పోలేదు.

ఇంటికొచ్చినాక గౌరిని మంచం మీద పండబెట్టినాం. చెక్క పలక తీయించి పరుపు వేయించినాను. నేను చాప మీద పండుకున్నాను.

మార్చి 19

గిర్ని మూసినాం. మిరపకాయల మూటలతో వచ్చినోళ్లు షట్టరు చూసి రైలు గేటు దగ్గర గిర్నికి పోతాండారు. వాళ్ల మాటలు వినిపిస్తాండాయి.

గౌరి గోడ దిక్కు చూస్తా పండుకుంది. తర్వాత అడిగింది.

"అంతా వినిపిస్తాది గదా ఈడికి."

"ఆఁ."

"తొట్టిలో ఎంత ఉందో కూడా చెప్పేవాడివి."

"ఆఁ."

"మెట్టు ఎక్కేటప్పుడు అమ్మా అనేదాన్ని. డబ్బా దించేటప్పుడు అనేదాన్ని. అది వినపడలా?"

వినపడింది. ఈడ రాస్తాండాను గాబట్టి అబద్ధం రాయను. వినపడింది. పని కొత్త, అలసట అనుకున్నాను. అట్ల అనుకుంటే నేను లేయాల్సిన పని ఉండదు.

ఆమెకు మాత్రం చెంబుతో నీళ్లు ఇచ్చి ఊరుకున్నాను.

మార్చి 20

అమ్మ ఊర్నుంచి వచ్చింది. వచ్చి చూస్తే కోడలు మంచం మీద, కొడుకు నేల మీద తిరుగుతా. కొంగు నోట్లో పెట్టుకోని నిలబడిపోయింది. "కూచో రా, కూచో రా" అని నా చెయ్యి పట్టుకుంది. శేషప్పను పిలుస్తానన్నింది.

"వద్దత్తా" అన్నింది గౌరి. "నేను రేపు లేస్తాను."

"నీకేం తెలుసు అమ్మీ, మీ మామను అన్నేండ్లు నేను చూసినా..."

"ఏం చూసినావత్తా?"

అమ్మ కూచుంది. బొట్టు కూడా చెరిగిపోయే మాదిరి మొగం తుడుచుకుంది, ఆమెకు బొట్టు లేదని గుర్తు లేకుండా. అప్పుడు నాతోనే చెప్పింది, గౌరి వైపు చూడకుండా.

"మీ నాయన కాళ్లు కదిలేటివి రా."

"ఎప్పుడు?"

"పడిన కొత్తలో. వేళ్లు ఆడించేటోడు. నెలకంతా లేస్తానన్నాడు. బళ్లారిలో చూపించినప్పుడు డాక్టరు కూడా లేపమన్నాడు. నేనే వద్దన్నా. ఇంకోసారి పడితే ఉన్నది కూడా పోతాదని. పట్టుకోని పండబెట్టినా. తర్వాత ఆయనే లేస్తాననేది మానేసినాడు."

అది నిజమా, లేపి ఉంటే నాయన నడిచేటోడా, ఎవరు చెప్తారు ఇప్పుడు? ఆమె మటుకు ఇన్నేండ్లూ అది లోపల పెట్టుకోని తిరిగింది. నన్ను ఎందుకు కదలొద్దన్నిందో, ఎందుకు ఏడ్వలేదో అర్థమైంది. అమ్మ చెయ్యి పట్టుకోని, "వీధి చివర దాకా పోయొద్దాం రా అమ్మా" అన్నాను.

పోయినాం. ఎవరు ఎవరిని పట్టుకున్నామో తెలీదు. కరెంటు స్తంభం దాకా పోయి తిరిగొచ్చినాం. తిరిగొచ్చేటప్పుడు నాకు తొడలు మండినాయి, నడుము మండలా.

మార్చి 21

గౌరి లేసింది. పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేసి, చేత్తో తోసుకోని. మొగం బిగించింది గానీ ఆగలా. వాకిలి దాకా నడిచి వచ్చి, "మంచం నీకు కావాలా?" అన్నింది.

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. అందుకే చానా నొప్పి పుట్టింది.

మార్చి 24

షట్టరు ఇంకా దించే ఉండాది. నడుము బాగుండాది, నేను తెరవొచ్చు. తెల్లారి స్నానం చేసి షట్టరు దగ్గరికి పోయి తాళం చేతిలో పట్టుకోని నిలబడి వెనక్కి వచ్చినాను. మూట చూస్తే ఆ వైరు తెగినట్టు అయింది గుర్తొస్తాది. గదిలో నుంచి బయటికి వచ్చినాను గానీ గది నాలో నుంచి పోలా.

సాయంత్రం సామ్సన్ టేపు తెచ్చి తొట్టి ఎత్తు కొలిచినాడు. అడగకుండానే. "నేల మీద నుంచి తొట్టి దాకా ఒకేసారి ఎందుకన్నా ఎత్తేది? మధ్యలో నడుమెత్తుకు ఒక ఇనప గట్టు వేస్తా. మూట దాని మీద ఆగుతాది. ఆడ నుంచి సగం సగం పోసుకో."

"ఇన్నేండ్లూ లేదు గదా అది."

"ఇన్నేండ్లూ నడుము ఉండింది" అన్నాడు.

గౌరి నవ్వింది. చానా దినాలకు.

మార్చి 28

తెరిచినాం. ఎవరి మూట వాళ్లే గట్టు మీద పెట్టాలని గౌరి వాకిట్లోనే నిలబడి చెప్పింది. కొందరు సరే అన్నారు. ఒకామె "ఎప్పుడూ లేని రూలు" అని గొణుక్కుంటా గేటు దగ్గర గిర్నికి పోయింది. పోనీ.

గట్టు మీది మూటలో నుంచి నేను మొదటి సగం డబ్బా ఎత్తినాను. మోకాళ్లు వంచినాను, పొట్టకు ఆనిచ్చుకున్నాను, పాదాలు తిప్పినాను. పోసేటప్పుడు కళ్లు మూసుకున్నాను. ఏమీ తెగలా. చెమట మాత్రం చొక్కా అంతా పట్టింది.

గౌరి స్విచ్చి దగ్గర స్టూలు మీద కూచుంది. రోంత సేపటికొకసారి లేసి అటూ ఇటూ తిరుగుతాండాది. ఒక పూట నేను, ఒక పూట ఆమె. ఆమె అట్ల తేల్చింది, నన్ను అడగలా.

మార్చి 30, ఉగాది

లావణ్య వచ్చింది. అంతా చెప్పినాం. కోపం చేసుకోని మధ్యాన్నం దాకా మాట్లాడలేదు. తర్వాత వాళ్లమ్మ దగ్గర పోయి కూచోని, "నాకు ఫోన్లోనే తెలిసింది" అన్నింది. నా దిక్కు చూడలా.

ఏప్రిల్ 7

పొద్దున నేను గ్రౌండుకు పోతాండాను సామ్సన్‌తో. సాయంత్రం నడక గౌరిది. నేనూ వస్తానన్నాను.

"వద్దు."

"ఎందుకు?"

"నువ్వొస్తే నీ అడుగు చూడాల, నీకు నొప్పి వస్తాందేమో చూడాల. నన్ను ఊరికే నడవనీ."

చెప్పులు వేసుకోని పోయింది.

ఏప్రిల్ 16, బుధవారం

ఈరోజు మూటలు ఎక్కువ వచ్చినాయి, కారం ఆఖరు వారాలు. నడుము రోంత బిగిసింది. మోటరు ఆపి, గోడకు వీపు ఆనిచ్చి నిలబడి, నాలుగడుగులు అటూ ఇటూ వేసినాను. తగ్గింది. పోయిన నెల అయింటే పండుకోని అమ్మను పిలిచేవాన్ని. భయం పోయిందని రాయను. ఉండాది, పని చేస్తాంటే పక్కన కూచోని చూస్తా ఉండాది.

గౌరి ఎప్పుడూ దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తాది. ఈరోజు రాలా. వరసలో ఆడోళ్లు నిలబడి ఉండారు. అమ్మ వాకిట్లోకీ లోపలికీ నాలుగు మార్లు తిరిగింది.

"యాడికి పోయింది రా నీ పెండ్లాము?"

"నడిచేదానికి."

"ఇంత సేపా? ఏం పని మీద?"

"పని లేదమ్మా. నడిచేదానికే."

వచ్చింది. చీర అంచుకు దుమ్ము, మొగం మీద చెమట. చేతిలో సంచీ లేదు, బిందె లేదు, డబ్బా లేదు. పెళ్లయినాక ఈ మనిషి వట్టి చేతులతో వీధిలో నుంచి రావడం నేను చూసిన గుర్తు లేదు. మార్కెట్ యార్డు దాటి, దూది లారీలు నిలబడే రోడ్డు చివర దాకా పోయిందంట.

"అంత దూరమా! నొప్పి రాలేదా?"

"రాలా. రానందుకే పోతా ఉండిపోయినా" అన్నింది.

వరసలో ఒకామె, "అమ్మా, మా జొన్నలు పొయ్యవా బిరిన" అని గౌరినే పిలిచింది. గౌరి కొంగుతో మొగం తుడుచుకుంటా నా దిక్కు చూసింది. ఈ పూట నాది. నేను లేసి డబ్బా అందుకున్నాను. ఆమె లోపలికి పోయి కూచోని నీళ్లు తాగింది.